ఈసారి అధిక జ్యేష్ఠం: సెలవులు దాటిపోయాక తీర్థం. పిల్లలకు బాణసంచా ఎలా చూపిస్తారు?

గౌతమిగట్టు:

అందరికీ నమస్కారం. మాది గోదావరి పాయ గౌతమి ఒడ్డున, ముక్తేశ్వరానికి దగ్గరలో ఉన్న ఊరు. జ్యేష్ఠ మాసం మొదటి ఆదివారం మా అమ్మవారి తీర్థం, అంటే జాతర. మా ఇంట్లో పిల్లల వేసవి సెలవులు ఏటా ఆ ఆదివారంతోనే ముగుస్తాయి. హైదరాబాద్, బెంగళూరు, విశాఖపట్నం నుంచి అన్నయ్యల పిల్లలు, మేనత్తల మనవలు మే నెలలోనే దిగిపోతారు. తీర్థం రాత్రి బాణసంచా చూసి, మర్నాడు ఆవకాయ సీసాలు, తాండ్ర కట్టలు సర్దుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు బయలుదేరతారు.

ఈ ఏడాది చిక్కు వచ్చి పడింది. పంచాంగంలో అధిక జ్యేష్ఠం ఉంది, అంటే జ్యేష్ఠ మాసం రెండుసార్లు వస్తుంది, తీర్థం రెండో దాంట్లో. నిరుడు జూన్ 1న జరిగిన తీర్థం ఈసారి జూన్ 21న వస్తోంది. మన రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. బెంగళూరులో ఇంకా ముందే. "పిల్లలను మే నెలలో పంపిస్తాం, బాణసంచా వచ్చే ఏడాది చూద్దాం" అని పెద్ద వదిన ఫోను చేసింది. మా అమ్మకు ఆ మాట మింగుడుపడటం లేదు. నాకూ అంతే.

మేము చూసే పద్ధతి చెబితే మా బాధ మీకు అర్థమవుతుంది. తాతగారు కట్టించిన డాబా మా చూపుల పందిరి. మధ్యాహ్నం మూడు దాటగానే పిల్లలంతా బిందెలు మోసుకెళ్లి డాబా మీద నీళ్లు చల్లాలి. మొదటి తడికి నేల బుస్సుమంటుంది, ఆవిరి లేస్తుంది, క్షణంలో ఆరిపోతుంది. పొద్దు వాలాక రెండో తడి. అప్పటికి గానీ అరికాలు మోపలేము. ఆ తర్వాత ఈతచాపలు, వాటి మీద బొంతలు. పెద్దవాళ్లకు వెనక మడత మంచాలు. పిల్లలు పిట్టగోడ దగ్గరకు వెళ్లకూడదు. గరగల (తలమీద మోసే అమ్మవారి కలశాల) ఊరేగింపు మా వీధి దాటి, డప్పుల మోత ఊరి చివరికి చేరాక, తూర్పు చేలల్లో మొదటి తారాజువ్వ లేస్తుంది. అది లేచేదాకా మేనత్త జీళ్ల పొట్లం విప్పదు.

తాతగారు నేర్పిన ఆట ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఆకాశంలో మెరుపు కనబడగానే పిల్లలు సెకన్లు లెక్కపెడతారు. చప్పుడు వినబడగానే ఆపి, దాన్ని 340తో గుణిస్తారు. అన్ని మీటర్ల దూరంలో పేలిందన్నమాట. మా ఊరి మందు రెండో అంకెకు అటూఇటూ వినిపిస్తుంది. ఏటి అవతల ఏ ఊళ్లోనైనా కాలిస్తే పదీ పన్నెండూ దాటుతుంది. మా పిల్లల్లో గుణకారం అంటే భయపడినవారు ఒక్కరూ లేరు.

నాయనమ్మ మెట్లు ఎక్కలేదు. నూతి పక్కన కుర్చీ వేస్తాం. కొబ్బరి చెట్ల తలలు దాటి పైకి లేచినవి మాత్రమే ఆమెకు కనబడతాయి. తక్కినవి పిల్లలు పైనుంచి అరచి చెబుతారు: "నాయనమ్మా, ఇది చిచ్చుబుడ్డి, కింద పూసింది, పైకి రాదు!" అని.

మీ ఊళ్లలో అధిక మాసం వచ్చిన ఏడాది ఏం చేస్తారు? సలహా కావాలి.

తిథివారం:

గౌతమిగట్టు గారూ, ముందుగా ఒక మాట. ఊరి పెద్దలను తీర్థం ముందుకు జరపమని అడగకండి. గ్రామదేవత ఉత్సవాలు నిజ మాసంలోనే, అంటే అధికం తర్వాత వచ్చే అసలు నెలలోనే, చేయడం మన వైపు ఆచారం. అధికంలో జపాలు, దానాలు చేస్తారు గానీ ఊరి సంబరం పెట్టరు.

లెక్క తెలిస్తే కోపం తగ్గుతుంది కాబట్టి చెబుతున్నాను. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతే పండుగలు రుతువులు తప్పుతాయి. అందుకే దాదాపు రెండున్నర ఏళ్లు దాటాక ఒక నెల కలుస్తుంది. సూర్యుడు రాశి మారని చాంద్రమాసమే అధిక మాసం. ఈ పరాభవ నామ సంవత్సరంలో (2026) అది మే 17 నుంచి జూన్ 15 వరకు. నిజ జ్యేష్ఠం ఆ తర్వాత మొదలవుతుంది. 2018లోనూ అధిక జ్యేష్ఠమే వచ్చింది. 2007లోనూ వచ్చింది. పంతొమ్మిదేళ్లకు తిథులు ఇంచుమించు అవే తేదీలకు తిరిగి వస్తాయి. 2007 వేసవిలో మీ ఇంట్లో ఏం చేశారో మీ అమ్మగారిని అడగండి. పెద్దవాళ్లకు ఇలాంటివి గుర్తుంటాయి.

గౌతమిగట్టు:

అడిగాను. 2007లో తాతగారు బడికి ఉత్తరం రాసి ఇచ్చారట, "ఊరి తీర్థం కారణంగా నా మనవలు సోమవారం రాలేరు" అని. 2018లో మాత్రం పిల్లలు రాలేదు. ఆ ఏడాది డాబా మీద నలుగురు పెద్దవాళ్లే కూర్చున్నారని, జీళ్లు మిగిలిపోయాయని అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా పట్టుదల ఇంకా పెరిగింది.

పంటకాలువ:

సెలవుల సంగతి మీరు చూసుకుంటారు. నాకు చేల సంగతి కనబడుతోంది. నేను వ్యవసాయం చేస్తాను.

డెల్టాలో వేసవి బాణసంచా అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఎండి నెర్రెలు విచ్చిన చేలల్లో కాల్చేది. ఏప్రిల్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు కట్టేస్తారు. పూడికతీతలు, లాకుల మరమ్మతులు అప్పుడే. కాటన్ ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి, ఇప్పటి బరాజ్ వచ్చాక కూడా, మన బతుకులు ఆ నీళ్లు వదిలే తేదీ చుట్టూనే తిరుగుతున్నాయి. జూన్‌లో కాలువలు వదిలారంటే నారుమళ్లు తడుస్తాయి. జూన్ 21 నాటికి మీ తూర్పు చేలల్లో ఎవరో ఒకరు దుక్కి చేసి ఉంటారు. జూన్ 29న ఏరువాక పున్నమి. ఆ రోజుల్లో పొలంలో జనాన్ని తొక్కనివ్వరు. పైగా నైరుతి వానలు. ఒక్క జల్లు పడితే మందు తడిసి కూర్చుంటుంది.

మా ఊళ్లో 2018లో ఇదే జరిగింది. అప్పుడు చోటు మార్చి చెరువు గట్టు అవతల బీడులో కాల్చారు. మా డాబా మీదకు సగమే కనబడింది. కాబట్టి పిల్లల ప్రయాణాల కన్నా ముందు, ఈసారి ఎక్కడ కాలుస్తారో ఊళ్లో తేల్చుకోండి.

ఇంకో మాట, ఇది విషయానికి పక్కది. పిల్లలను మే నెలలో తప్పకుండా రప్పించండి. కాలువ కట్టేసిన రోజుల్లో ఊరు వేరుగా ఉంటుంది. నీళ్లు తగ్గి మడుగులు మిగిలినచోట్ల కొరమీనులు, జల్లలు బురదలో దాక్కుంటాయి. నేను చిన్నప్పుడు గంపతో మూసి పైనుంచి చేయి పెట్టి పట్టేవాణ్ని. బురద మోకాలి దాకా, వాసన మూడు రోజులు పోదు, ఇంట్లో తిట్లు. మా అబ్బాయికీ అదే నేర్పాను. అది జూన్ 21న వస్తే దొరకదు.

జాడీ:

నమస్కారం. మాది పాలకొల్లు వైపు. ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి ఎవరూ ఎత్తలేదనిపించింది. ఇంటినిండా మనుషులు దిగితే వండేది ఎవరు?

నేను వేసవి అంటే పడి చచ్చే మనిషిని. మా అత్తగారి ఇంట్లో ఆవకాయ పెట్టే రోజు నాకు పండుగ కన్నా ఎక్కువ. కాయలు తెల్లవారుజామున చెట్టు నుంచి దింపాలి, కింద పడకూడదు, దెబ్బ తగిలిన కాయ జాడీని పాడుచేస్తుంది. మేము కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ వాడతాం. పులుపు, పీచు, ముక్క గట్టిదనం మూడూ కుదురుతాయి. చల్లటి నీళ్లలో వేసి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, కత్తిపీటతో టెంక పెచ్చు ప్రతి ముక్కకూ అంటిపెట్టుకునేలా కొట్టాలి. పెచ్చు లేని ముక్క వర్షాకాలానికి మెత్తబడుతుంది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వులనూనెలో ముక్కలు ముంచి తీసి ఆ పిండిలో దొర్లించి జాడీకెత్తాలి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు పైన నూనె తేలిందా లేదా అని అత్తగారు వేలు పెట్టి చూస్తారు. ఇక కలిపిన బేసినులో అంటుకుని మిగిలినదాంట్లో వేడి అన్నం, నెయ్యి వేసి కలిపి, వరసగా కూర్చున్న పిల్లల చేతుల్లో ముద్దలు పెడతారు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఇంకో ముద్ద అడుగుతారు.

ఇంత ఇష్టం ఉన్న మనిషిగానే చెబుతున్నాను. మీరు మే నెలలో ఒకసారి, జూన్‌లో ఒకసారి అందరినీ పిలవాలని అనుకుంటే, రెండు విడతల చాకిరీ ఆడవాళ్ల మీదే పడుతుంది. తీర్థం నాడు మగవాళ్లు డాబా మీద చాపలు పరిచి "రండి, మొదలైంది" అని పిలుస్తారు. అప్పటికి మేము గిన్నెలు తోముతూ ఉంటాం. పెళ్లయిన కొత్తల్లో నేను బాణసంచాను వంటింటి కిటికీలోంచి, అందులోనూ చప్పుడు మాత్రమే, చూశాను... విన్నాను అనాలి. ఇది సరిచేసి ఆ తర్వాత ఎన్ని విడతలైనా పెట్టుకోండి.

పిట్టగోడ:

జాడీ గారి మాటకు నా ఓటు. మా ఇంట్లో మూడేళ్ల క్రితం నుంచి తీర్థం రోజు రాత్రి వంట లేదు. పులిహోర, దద్దోజనం మధ్యాహ్నమే చేసేస్తారు, కొబ్బరి కోరడం, గిన్నెలు కడగడం మా అన్నదమ్ముల వంతు. విస్తళ్లు వాడతాం. బాణసంచా వేళకు పొయ్యి ఆరిపోయి ఉండాలని మా బాబాయి గట్టిగా పట్టుబట్టి అమలు చేయించారు.

వైనతేయ:

నేను నర్సును. కాలిన గాయాల విభాగంలో పనిచేశాను. అందరి సంతోషం మధ్య ఇది రాయక తప్పడం లేదు.

2025 అక్టోబరులో మన కోనసీమ జిల్లాలోనే, రాయవరం మండలంలో, బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. దీపావళికి ముందు. ఆకాశంలో మనం చూసే ప్రతి పువ్వు వెనక మందు కూరిన చేతులు ఉంటాయి. తీర్థాల దగ్గర నేను చూసిన గాయాలు మాత్రం ఎక్కువగా మూడు రకాలు: పేలని దాన్ని మళ్లీ వెలిగించబోయిన కుర్రవాళ్లవి, చేతిలో పట్టుకుని జువ్వ వదిలినవారివి, పక్కనే నిలబడి పైకి చూస్తూ ఉన్న పసివాళ్లవి. మూడో రకం గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కంటికి తగిలిందంటే చాలాసార్లు చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది.

కాల్చవద్దని నేను అనను. గౌతమిగట్టు గారి డాబా లాంటి దూరం ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ బాణసంచా కోసమే ఇంత ప్రయాణం, ఇంత పట్టుదల అవసరమా అని మాత్రం అడుగుతున్నాను. ఆవకాయ ముద్ద, కాలువ బురద, ముంజలు, ఇవి చాలవా?

గౌతమిగట్టు:

వైనతేయ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. నిన్నటి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.

ఆవకాయ రోజు పెద్దవాళ్లు ఒకచోట, పిల్లలు ఒకచోట. కాలువ దగ్గర మగపిల్లలే ఎక్కువ. మధ్యాహ్నం అందరూ తలో గదిలో పడుకుంటారు, ఇప్పుడైతే తలో ఫోనూ ఉంది. తగాదాలు ఉన్న ఇల్లే మాది. పొలం వాటా దగ్గర మా నాన్న, మా చిన్నాన్న చాలాకాలం మాట్లాడుకోలేదు. ఆ ఏళ్లలో కూడా తీర్థం రాత్రి ఇద్దరూ ఆ డాబా మీదే, చెరో మంచం మీద, ఒకే దిక్కుకు చూస్తూ కూర్చున్నారు. చిన్నాన్న "ఈసారి మందు బాగా కుదిరింది" అన్నారు ఒకసారి, ఎవరితో అన్నారో తెలియకుండా. నాన్న "ఊఁ" అన్నారు. మళ్లీ మాటలు కలిసింది అక్కడే. ఇంటిల్లిపాదీ ఒకేచోట, ఒకే వేళకు, ఒకే వైపు తిరిగి కూర్చునే సందర్భం మాకు ఏడాదిలో అదొక్కటే. అందుకే ఈ పట్టుదల.

భద్రత విషయంలో మా ఊళ్లో కొంత కట్టుబాటు ఉంది. కాల్చే చోటికి అనుభవం ఉన్న మనుషులు తప్ప ఎవరినీ రానివ్వరు. గడ్డివాముల మీద సాయంత్రమే నీళ్లు కొట్టిస్తారు. పూర్వం తాటాకిళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు కప్పుల మీద తడి గోనెలు పరిచేవారట. పశువులను ఆ పూట పడమటి దొడ్లకు తోలతారు. మా ఇంట్లో పిల్లల చేతికి కాకరపువ్వొత్తి కూడా ఇవ్వం. చూడటమే.

మతాబు:

చిన్నప్పుడు మా ఇంట్లో దీపావళికి మతాబులు, చిచ్చుబుడ్లు చేసేవారు. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, ఇనుప రజను. తాతయ్య రజనును ముందే ఆముదంలో తడిపి ఆరబెట్టేవారు, తుప్పు పట్టకుండా. చిచ్చుబుడ్డిలోంచి బంగారు రంగులో చిమ్మేవి ఆ రజను రేణువులే. గాలిలో కాలుతూ రాలుతాయి. ఇప్పుడు ఎవరూ ఇంట్లో చేయకండి. అనుమతి లేకుండా తయారు చేయడం చట్టరీత్యా నేరం, 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇంకా అమల్లో ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, వైనతేయ గారు చెప్పింది చాలు.

పిల్లలకు రంగుల గుట్టు చెప్పండి, సెకన్ల ఆటకు తోడుగా బాగుంటుంది. ఎరుపు స్ట్రాన్షియం వల్ల, పసుపు సోడియం వల్ల, ఆకుపచ్చ బేరియం వల్ల, నీలం రాగి వల్ల. నీలం కుదరడం కష్టం, వేడి ఎక్కువైతే రంగు చెదిరిపోతుంది. చక్కటి నీలం కనబడితే ఆ పనివాడికి మనసులో దండం పెట్టుకోవచ్చు. బేరియం వాడకాన్ని సుప్రీంకోర్టు నిషేధించింది కాబట్టి ఆకుపచ్చ ఎక్కువగా కనిపిస్తే ఏ సరుకు తెచ్చారో ఊరి పెద్దలను అడగండి. 2018 తీర్పు తర్వాత శబ్దం, పొగ తక్కువగా ఉండే రకాలు వస్తున్నాయి.

పొగ గురించి కూడా. వేసవి సాయంత్రాల్లో మనకు సముద్రం నుంచి దక్షిణపు గాలి వీస్తుంది. కాల్చే చోటికి దక్షిణంగా కూర్చుంటే పొగ మీదకు రాదు. జూన్ మూడో వారానికి నైరుతి గాలి అందుకుంటుంది. మీ డాబా చేలకు పడమరన ఉందన్నారు, కాబట్టి పొగ అవతలికే పోతుంది. ఈ ఒక్క విషయంలో మీకు అధిక మాసం మేలు చేసింది.

పంటకాలువ:

గాలి సరే, వాన సంగతి ఆయన కూడా చెప్పలేదు!

దూరతీరం:

మాది అమలాపురం దగ్గర. ఇరవై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మీ అందరికీ ఇబ్బందిగా ఉన్న ఈ అధిక జ్యేష్ఠం మాకు వరంగా వచ్చింది. ఇక్కడ మా ప్రాంతంలో బడులు జూన్ మూడో వారం దాకా ఉంటాయి. మామూలు ఏడాదిలో మేము వచ్చేసరికి తీర్థాలు అయిపోయి, మామిడికాయలు అయిపోయి, వానలో కొబ్బరితోటలు చూసి వెనక్కి వెళ్లడమే. మా పిల్లలు ఇంతవరకూ ఒక్క తీర్థం చూడలేదు.

ఇక్కడ వాళ్లకు తెలిసిన బాణసంచా జులై 4ది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజు. 1777లో, తొలి వార్షికోత్సవానికే ఫిలడెల్ఫియాలో బాణసంచా కాల్చారు. ఈ ఏడాది 250 ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి ఊరూరా పెద్ద ఎత్తున ఏర్పాట్లు చేస్తున్నారు. మేము ఏటా నది ఒడ్డున గడ్డి మీద దుప్పటి పరుచుకుని, పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంటాం. చుట్టూ వందల కుటుంబాలు అలాగే. చూడముచ్చటగా ఉంటుంది, పిల్లలకు ప్రాణం. కానీ పక్క దుప్పటి మీద ఎవరున్నారో మాకు తెలియదు. అయిపోగానే అందరూ కార్ల వైపు నడుస్తారు.

ఈసారి పిల్లల బడి ఆఖరి నాలుగు రోజులు మానిపించి జూన్ 18కే బయలుదేరదామని నిర్ణయించాం. జులై 4 ఇక్కడ చూడలేకపోతాం. పెద్దవాడు పదమూడేళ్లవాడు, 250వ ఏడాది వదులుకుంటున్నామని అలిగాడు. వాడి అలకకు కారణం ఉంది, అది వాడి ఊరి పండుగ. గౌతమిగట్టు గారి మొదటి టపాను నేను వాడికి చదివి వినిపించాను. గుణకారం ఆట దగ్గర ఆపి, "అక్కడ మన డాబా నుంచి ఎన్ని సెకన్లు వస్తుంది?" అని అడిగాడు. మాకు అక్కడ డాబా లేదు. ఇల్లు అమ్మేశాం.

గౌతమిగట్టు:

దూరతీరం గారూ, మా డాబా ఉంది. మీ అబ్బాయిని తీసుకురండి. మాటవరసకు అనడం లేదు.

ఉప్పుటేరు:

పిల్లలకు సెలవుల్లోనే బాణసంచా చూపించాలంటే వేరే దారి ఉంది కదా. అన్నవరం సత్యదేవుని కల్యాణం వైశాఖ శుద్ధ ఏకాదశికి. ఈ ఏడాది ఏప్రిల్ ఆఖరు వారంలో పడుతుంది, మన బడులకు అప్పటికి సెలవులు ఇచ్చేస్తారు. అటు తీసుకెళ్లండి. ఊరి తీర్థం పెద్దవాళ్లు చూసుకుంటారు.

తిథివారం:

అన్నవరం మంచిదే, తప్పక వెళ్లండి. చైత్ర శుద్ధ ఏకాదశికి వాడపల్లి తీర్థం కూడా గొప్పగా జరుగుతుంది, ఈ ఏడాదికి అది దాటిపోయింది. వాడపల్లి రథోత్సవం చరిత్రకెక్కిన తీర్థం. 1931లో రథం మీద గాంధీగారి చిత్రపటం పెట్టారని తెల్లదొరల పోలీసులు అడ్డుకుని కాల్పులు జరిపారు, భక్తులు నేలకొరిగారు. మన పిల్లలకు చెప్పవలసిన కథ.

కానీ ఉప్పుటేరు గారూ, గౌతమిగట్టు గారు అడుగుతున్నది బాణసంచా ఎక్కడ దొరుకుతుందని కాదు. ఏ దేవుడి ఉత్సవమైనా కన్నులపండుగే. నూతి పక్కన కుర్చీలో కూర్చున్న ముసలమ్మకు పైనుంచి అరచి చెప్పే పిల్లలు అన్నవరం కొండ మీద ఉండరు.

పిట్టగోడ:

నేను హైదరాబాద్‌లో పెరిగిన పిల్లవాడిని, ఇప్పుడు ఉద్యోగస్థుణ్ని. పిల్లల వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. ఏడో తరగతిలో మేము ఇలాగే తీర్థానికి ఒక సోమవారం బడి మానేశాం. ఆ రోజు తరగతిలో ఏం చెప్పారో నాకు తెలియదు, దానివల్ల నష్టపోయిందీ లేదు. తాతయ్య భుజం మీద చేయి వేసి "అదిగో, ఇప్పుడు లేచేది చూడు" అన్నది మాత్రం గుర్తుంది. మరో ఏడాదికి ఆయన లేరు.

జూన్ 21 ఆదివారం కావడం అదృష్టం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం తెల్లవారేసరికి రాజమహేంద్రవరం. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా మధ్యాహ్నం భోజనాలకు ఇంట్లో ఉంటారు. సోమవారం రాత్రి తిరుగు ప్రయాణం. టికెట్లు ఇప్పుడే తీసుకోండి. పదో తరగతి పిల్లలుంటే మాత్రం బలవంతం చేయకండి, వాళ్ల ఒత్తిడి వేరు.

వైనతేయ:

గౌతమిగట్టు గారూ, మీ నాన్నగారు, చిన్నాన్నగారి సంగతి చదివాక నా ప్రశ్నకు సమాధానం దొరికింది. ఇంట్లో అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చోవడం ఎంత అరుదో ఆసుపత్రిలో మంచాల పక్కన నిలబడ్డ మాకు బాగా తెలుసు. రెండు పనులు చేయండి. డాబా మీద రెండు బకెట్ల నీళ్లు, ఒక తడి దుప్పటి సిద్ధంగా ఉంచండి. దారి తప్పిన జువ్వ ఎటైనా రావచ్చు. ఎవరికైనా నిప్పు తగిలితే వెంటనే మామూలు చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పోస్తూ ఉండాలి. పేస్టు, పసుపు, సిరా, ఏదీ పూయవద్దు. మంచుగడ్డలు కూడా వద్దు. నాయనమ్మగారి చెవుల్లో దూది పెట్టండి.

కొబ్బరితోట:

మాది రాజోలు. మా ఇంట్లో తీర్థం లేదు, బాణసంచా లేదు, మే నెలలో తాటిముంజలు తప్ప ఇంకేమీ లేవు. అయినా మొదటి నుంచి చివరిదాకా చదివాను. తీర్థం అయ్యాక ఎలా జరిగిందో ఇక్కడే రాయండి.

గౌతమిగట్టు:

నిన్న రాత్రి అన్నయ్యలు, వదినలు, మేనత్తలు అందరం ఫోనులో మాట్లాడుకున్నాం. రెండు గంటలు పట్టింది. తేలింది ఇది.

మే నెల ఎప్పటిలాగే. పిల్లలు వస్తారు, ఆవకాయ పెడతారు, కాలువలో దిగుతారు. జూన్ మొదటి వారానికి వెనక్కి వెళ్తారు. తీర్థానికి హైదరాబాద్ వాళ్లు శుక్రవారం రైలెక్కి వస్తారు, సోమవారం బడికి సెలవు. విశాఖపట్నం వాళ్లలో పెద్దమ్మాయి పదో తరగతి, ఆ అమ్మాయి, వాళ్లమ్మ రారు. తక్కినవారు వస్తారు. బెంగళూరు అన్నయ్య వాళ్లు ఈసారి రాలేరు. పెద్ద వదిన ఆ మాట చెబుతూ ఏడ్చింది. అందరూ రావాలన్న నా పట్టుదల నెగ్గలేదు. నెగ్గాలని లాగితే వదినను ఇంకా బాధపెట్టినవాణ్ని అవుతాను.

జాడీ గారూ, మీ టపాను మా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను కూడా కొన్నేళ్లు చప్పుడే విన్నాను" అంది. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఈ మాట నాకు తెలియలేదు. కాబట్టి తీర్థం రోజు రాత్రి వంట లేదు. పులిహోర మధ్యాహ్నమే. గిన్నెలు నేను, చిన్నాన్న కొడుకు. చిన్నాన్న తనకూ ఒక పని చెప్పమన్నారు, విస్తళ్లు కుట్టిస్తానన్నారు.

పంటకాలువ గారూ, మీరు చెప్పినట్టే ఊరి పెద్దలను కలిశాను. తూర్పు చేలు కుదరవన్నారు, నిజమే. చెరువు గట్టుకు ఉత్తరాన ఖాళీ దిబ్బ ఉంది, అక్కడ అనుకుంటున్నారు. మా డాబాకు కొంచెం దూరం పెరుగుతుంది. వాన పడితే మర్నాడు, లేదా ఆపై ఆదివారం. బాణసంచా మందును టార్పాలిన్ పట్టాలు కప్పిన షెడ్డులో పెడతారు, ఊరికి దూరంగా.

పంటకాలువ:

దిబ్బ మంచిది, ఎత్తుగా ఉంటుంది కాబట్టి నీరు నిలవదు. పట్టాలు కింద కూడా పరచమని చెప్పండి. తేమ నేల నుంచే ఎక్కుతుంది.

జాడీ:

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడకు మంచం మొదటి వరసలో వేయండి.

దూరతీరం:

మేము జూన్ 20 ఉదయానికి అమలాపురంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటాం. మీ పిలుపు నిజంగా మన్నిస్తున్నాం. నలుగురం. ఏం తేవాలి? ఎలా రావాలి? చిన్నప్పుడు కోటిపల్లి రేవు దాటి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద ముక్తేశ్వరం వచ్చిన గుర్తు ఉంది, పిల్లలకు ఆ పంటు చూపించాలని ఉంది.

గౌతమిగట్టు:

అమలాపురం నుంచి మీకు రేవు దాటే పని లేదు, ముక్తేశ్వరం ఇవతలి ఒడ్డునే. పంటు ఎక్కాలంటే పగటిపూట ముందుగా వచ్చి కోటిపల్లి వెళ్లి తిరిగి రండి, ఏరు పోటు మీద లేకపోతే. రాత్రి ప్రయాణం మాత్రం వద్దు, పడక మా ఇంట్లోనే. సాయంత్రం నాలుగింటికల్లా చేరుకోండి, రెండో తడి చల్లేవేళకు మీ అబ్బాయికి ఒక బిందె ఉంటుంది. తేవలసిందేమీ లేదు. చోటు మారింది కాబట్టి ఈసారి ఎన్ని సెకన్లో మాకూ తెలియదు, వాణ్నే లెక్కపెట్టమనండి. ఇంటి గుర్తులు వేరే సందేశంలో పంపిస్తున్నాను.